ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారు

ఒంగోలు పట్టణమునకు సమీపమున, సముద్రతీరమునకు చేరువగా, వినోదరాయునిపాలెమను చిన్న గ్రామము కలదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఆ గ్రామమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. వారిది కరణీకపు కుటుంబము. ప్రకాశము పసివాడై యుండగనే తండ్రి పరలోకగతుడయ్యెను. బిడ్డలను పెంచు భారము తల్లిపై బడెను. ఆమె ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు నడపెను.

పూటకూళ్ళ యిల్లనగా నేమో నేటి బాలురకు తెలియకపోవచ్చును. కోర్టు పనులకును, కచేరీ పనులకును పట్టణమునకు వచ్చు పల్లెవారికి పూటకింతయని సొమ్ము పుచ్చుకొని అన్నము వండి పెట్టు ఇల్లది. హోటళ్ళు లేని ఆ దినములలో అది ఎంతో అవసరమైన వృత్తియే. అయినను దానిని చేయువారిని లోకము చిన్నచూపు చూచుచుండెను. సుబ్బమ్మగారు లోకమును లక్ష్యపెట్టలేదు. పొయ్యి ఆరనీయలేదు, కొడుకు చదువు ఆగనీయలేదు.

ప్రకాశము మెత్తని బాలుడు కాడు. అల్లరి మెండు. నాటకమన్నచో తిండియు, చదువును మఱచిపోవును. వేషము కట్టి రంగమెక్కుటలో నేర్పరియని పేరు పొందెను. అట్టి పిల్లవానిని చూచి పెదవి విఱుచు ఉపాధ్యాయులే లోకమున నెక్కువ. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు మాత్రము ఆ బాలుని చేరదీసి, తనతో రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి, చదువు చెప్పించెను. బడులలోనే జీవితము గడపిన నావంటివానికి ఈ నాయుడుగారి పేరు తలచినపుడెల్ల చేతులు జోడింపవలెననిపించును. ఆ అల్లరివాడు ముందుముందు రాష్ట్రమునేలునని ఆయనకేమి తెలియును?

ప్రకాశము పంతులుగారు న్యాయశాస్త్రమభ్యసించి రెండవ తరగతి ప్లీడరైరి. రాజమహేంద్రవరమున వకాలతు సాగించిరి. కొలది కాలముననే ధనమును, పేరును కలిసి వచ్చెను. పట్టణ రాజకీయములలో దిగి 1904లో పురపాలక సంఘాధ్యక్షులైరి. ఓట్లు కూర్చుకొనుట, సభ్యులు ఈ పక్షమునుండి ఆ పక్షమునకు జాఱిపోవుట, నిన్నటి మిత్రుడు నేడు ఎదురు బెంచీపై కూర్చుండుట, ఇవన్నియు ఆయన మొదట చూచినది గోదావరి యొడ్డుననే.

రెండవ తరగతి ప్లీడరునకు పెద్ద న్యాయస్థానములలో వాదించు అధికారము లేదు. ఆ కొఱత తీర్చుకొనుటకై పంతులుగారు బారిస్టరు చదువునకు ఇంగ్లండు వెడలిరి. మద్యమును, మాంసమును, పొగాకును ముట్టనని తల్లికి మాట యిచ్చి ఓడ యెక్కిరి. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట మద్యమే ఆయన పదవికి ముప్పు తెచ్చినది. ఇంగ్లండులో దాదాభాయి నౌరోజీగారి ఎన్నిక ప్రచారమున పంతులుగారు పాల్గొనిరి. 1907లో స్వదేశమునకు మఱలి వచ్చి మదరాసు హైకోర్టులో బారిస్టరుగా వాదింప మొదలిడిరి. లక్షలార్జించిరి.

1921లో గాంధీమహాత్ముని పిలుపు విని ఆ వృత్తిని విడిచిరి. ఆ యేడే స్వరాజ్య యను పత్రికను స్థాపించి, ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో నడపిరి. పత్రిక దేశమును మేలుకొలిపెను గాని దానికి వచ్చు రాబడి కంటె పోవు సొమ్మే యెక్కువ. లక్షలుగా ఆర్జించిన ధనమంతయు అందులో కరగిపోయెను. పంతులుగారికి లెక్క చూచుకొను అలవాటు తక్కువ. ఈ గుణమును కొందఱు త్యాగమనిరి. కొందఱు అజాగ్రత్త యనిరి. రెండును నిజమేయని నాకు తోచుచున్నది.

1928 ఫిబ్రవరి 3వ తేదీ సంగతి మీరు క్రింది తరగతులలోనే చదివియుందురు. సైమను కమిషను బొంబాయిలో దిగిన దినమది. దేశమంతట హర్తాళము జరుగుచుండెను. మదరాసులో హైకోర్టు సమీపమున గుమికూడిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా పార్థసారథి యను యువకుడు నేలకొఱగెను. శవమును చూడబోవు పంతులుగారిని పోలీసులు తుపాకులు చూపి అడ్డగించిరి. ఆయన చొక్కా విప్పి, ఱొమ్ము చూపి, కాల్చుమని ముందునకు నడచిరి. పోలీసులు దారి విడిచిరి. ఆనాటినుండి ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి యని పిలువసాగిరి. అప్పటికి ఆయన వయస్సు ఏబదియైదేండ్లు.

ఈ చిత్రమే అందఱి మనస్సులలో నిలిచిపోయినది. కాని పంతులుగారి జీవితమున ఇంతకంటె కఠినమైన పరీక్షలు పిమ్మట వచ్చినవి. అందు ఎదుట నిలిచినవి తుపాకులు కావు. చేతులెత్తి ఓట్లు వేయు తోటి సభ్యులు, తన పక్షమువారే, తన దేశమువారే. ఆ కథను కొంత వివరముగా చెప్పవలెను.

1937లో మదరాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి నాయకత్వమున కాంగ్రెసు మంత్రివర్గమేర్పడెను. పంతులుగారు రెవెన్యూమంత్రియైరి. జమీందారీ గ్రామములలో రైతుల కష్టములను విచారించు సంఘమునకు అధ్యక్షులై, ఊరూర సాక్ష్యములు తీసికొని, భూమికి నిజమైన హక్కుదారు దున్ను రైతేయని 1938లో నివేదిక సమర్పించిరి. యుద్ధము రాగా 1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను. క్విట్ ఇండియా ఉద్యమకాలమున పంతులుగారు 1942 నుండి 1945 వఱకు కారాగారమున నుండిరి.

1946లో మఱల ఎన్నికలు జరిగినపుడు ఎవరు ప్రధానమంత్రి కావలెనను ప్రశ్న పుట్టెను. ఆ కాలమున రాష్ట్రపు ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి యనియే వ్యవహరించుచుండిరి. గాంధీమహాత్ముడును, కాంగ్రెసు పెద్దలును రాజగోపాలాచారిగారిని కోరిరి. శాసనసభ్యులు పంతులుగారిని ఎన్నుకొనిరి. ఏప్రిలు 30న ఆయన పదవి స్వీకరించిరి. పదునొకండు నెలలు గడవకముందే, 1947 మార్చిలో, సొంత పక్షపు సభ్యులే అవిశ్వాసము ప్రకటింపగా దిగిపోయిరి. చేనేత గుడ్డను ప్రోత్సహించి క్రొత్త బట్టలమిల్లులను ఆపవలెనను ఆయన పట్టుదల చాలమందికి నచ్చలేదు. ఆంధ్ర, తమిళ సభ్యుల నడుమ పెనగులాట ఉండనే యుండెను. పంతులుగారు కూడ పదిమందిని పిలిచి సర్దిచెప్పుకొను స్వభావము కలవారు కారు. తాను మంచిదనుకొన్న దానిని అందఱును వెంటనే మంచిదనవలెనని ఆయన భావము.

1951లో పంతులుగారు తాము ముప్పదియేండ్లు సేవించిన కాంగ్రెసును విడిచిరి. ఆచార్య కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమున చేరిరి. మఱుసటి యేడు వయోజనులందఱకును ఓటుహక్కుగల తొలి సాధారణ ఎన్నికలు జరిగెను. మదరాసు శాసనసభలో స్థానములు 375. కాంగ్రెసునకు వచ్చినవి 152 మాత్రమే. కమ్యూనిస్టులకు 62, ప్రజాపక్షమునకు 35 లభించెను. ఇతర పక్షములు పెక్కు కూడి పంతులుగారిని నాయకునిగా నెన్నుకొని, ప్రభుత్వమేర్పఱచు అవకాశమీయుడని గవర్నరును కోరెను. గవర్నరు రాజగోపాలాచారిగారిని పిలిచిరి. ఆయన ఎన్నికలలో నిలువలేదు. పై సభకు నియమితులై ముఖ్యమంత్రియైరి. అది న్యాయమా యని నేటికిని చర్చ కలదు. సంఖ్యలు చూచినవానికి పంతులుగారి బాధ అర్థము కాకపోదు.

అంతలో దేశమును కదిలించిన సంఘటన జరిగెను. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనని పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. కొలది దినములలోనే రాష్ట్రమిత్తుమని నెహ్రూగారు ప్రకటించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమవతరించెను. త్రివేదిగారు గవర్నరైరి.

అయితే రాష్ట్రమునేలువారెవరు? క్రొత్త శాసనసభలోని 140 మంది సభ్యులలో ఏ పక్షమునకును సగము బలము లేదు. కాంగ్రెసును, కమ్యూనిస్టులును ఇంచుమించు సమానముగ నుండిరి. కాంగ్రెసువారు తమలో తాము ఒకరిపై ఏకాభిప్రాయమునకు రాలేక, తమను విడిచిపోయిన వృద్ధుని దరిచేరిరి. పంతులుగారు అప్పుడున్నది ప్రజా సోషలిస్టు పక్షమునందు. ఆ పక్షమువారు కాంగ్రెసుతో చేయి కలుపుట కొప్పుకొనలేదు. పంతులుగారు పక్షమును విడిచి, కాంగ్రెసు బలముతో ముఖ్యమంత్రియైరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రియైరి.

ఇది సరియైన పనియేనా? రెండేండ్లలో రెండు పక్షములను విడిచిన వానిని ఎట్లు నమ్మవలెనని ఆనాడే పెక్కుమంది ప్రశ్నించిరి. ఆ నింద ఊఱక వచ్చినది కాదు. పదవికై విడిచిరనుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఎనుబదియొకటవ యేట, ఒక్క భవనమైనను సిద్ధముగాలేని ఊరిలో, డేరాలలో కచేరీలు నడచు రాష్ట్రమునకు నాయకుడగుటలో ఏమి సుఖము కలదు? నిజముగ కర్నూలులో ఉద్యోగులు డేరాలలో పనిచేసిరి, డేరాలలో కాపురముండిరి. ఎండకు మాడి, గాలికి దస్త్రములు ఎగురుచుండగా ప్రభుత్వము సాగెను.

సాగినది యొక్క యేడాదియే యయినను ఆ కాలమున జరిగిన పనులు తక్కువవి కావు. 1954లో గుంటూరున హైకోర్టు వెలసెను. ఆ యేడే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము నెలకొనెను. అన్నిటికంటె ముఖ్యమైనది కృష్ణపై క్రొత్త ఆనకట్ట. ఇది మన ప్రాంతపు పిల్లలకు వివరించి చెప్పదగినది. ఆకివీడుచెంత మన పొలములకు వచ్చు నీరు గోదావరిది. ఉప్పుటేఱు దాటి కైకలూరు వైపు పోయినచో అచటి పొలములు కృష్ణానీటివి. రెండు డెల్టాల నడుమ పల్లమున కొల్లేరున్నది. బెజవాడ యొద్ద 1855 నాటికి కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండిపడెను. ఆ గండిని పూడ్చి మరమ్మతులు చేసిరి గాని, నూఱేండ్లు దాటనున్న ఆ కట్టడమును నమ్మి పండ్రెండు లక్షల యెకరములు బ్రదుకుట ఎట్లు? కావున క్రొత్తది కట్టుటకు నిశ్చయించి 1954లో పని మొదలిడిరి.

ఇంతలో మద్యనిషేధపు వివాదము ముదిరెను. మదరాసు రాష్ట్రమునుండి విడివడినపుడు ఆంధ్రరాష్ట్రమునకు నిషేధ శాసనము కూడ సంక్రమించెను. దానిచే ఖజానాకు రాబడి పోయెను. దొంగసారా మాత్రము పోలేదు. మన డెల్టా గట్లపై తాటిచెట్టు చూడని బాలుడుండడు. ఆ చెట్టుకు మోకు వేసి యెక్కి కల్లు గీయు కుటుంబములు వేలకు వేలు. నిషేధముతో వారి పొయ్యిలో పిల్లి పండుకొనెను. వారి పక్షమున గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహము నడపిరి. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము కూడ నిషేధము ఫలించుట లేదని అభిప్రాయపడెను. అయినను మంత్రివర్గము నిషేధమును తీసివేయుటకు ఒప్పుకొనలేదు. అది గాంధీమహాత్ముని ఆశయము, కాంగ్రెసు పట్టుదల. పంతులుగారు స్వయముగ కల్లు ముట్టనివారు. కాని గీతకార్మికుని ఆకలి పూటకూళ్ళ యింటి బిడ్డకు తెలియనిది కాదు. ఈ రెంటి నడుమ ఆయన ఒక దారి కనుగొనలేకపోయిరి. నా తలంపున ఆయన పాలనలోని పెద్ద లోపమిదియే.

1954 నవంబరు 6వ తేదీన శాసనసభలో నిషేధ విధానమును పురస్కరించుకొని ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానము ఓటునకు వచ్చెను. తీర్మానమునకు అనుకూలముగ 69, ప్రతికూలముగ 68. ఒక్క ఓటుతో పంతులుగారి ప్రభుత్వము పడిపోయెను.

ఆ కాలముననే ఒక్క ఓటుచే మఱియొక దేశచరిత్ర మాఱిన ఉదాహరణ కలదు. యుద్ధమున ఓడి, నగరములు కూలి, రెండు ముక్కలైన జర్మనీలో పశ్చిమభాగమువారు 1949లో క్రొత్త ప్రజాప్రభుత్వమేర్పఱచుకొనిరి. వారును కర్నూలువంటి చిన్న పట్టణమునే, బాన్ అనుదానిని, తాత్కాలిక రాజధానిగ నెంచుకొనిరి. అచట రెండు పెద్ద పక్షములుండెను. ఒకదానికి నాయకుడు కొన్రాడ్ అడెనౌర్. ఆయనయు పంతులుగారి వలెనే ఒకప్పటి పురపాలకుడు. కొలోన్ నగరమునకు 1917 నుండి మేయరుగా నుండగా 1933లో హిట్లరు పక్షమువారు తొలగించిరి. రెండవ పక్షమునకు నాయకుడు కుర్ట్ షూమాకర్. మొదటి ప్రపంచయుద్ధమున కుడిచేయి పోగొట్టుకొని, హిట్లరు కాలమున ఇంచుమించు పదియేండ్లు నిర్బంధ శిబిరములలో మ్రగ్గి, పిదప ఒక కాలు కూడ కోల్పోయిన ధీరుడు. పార్లమెంటులో 402 మంది సభ్యులుండగా అడెనౌరునకు 202 ఓట్లు వచ్చెను. ప్రధానియగుటకు కావలసినవియు సరిగ అన్నియే. ఒక్కటి తగ్గినను ఆనాటికి ఎన్నిక కాకపోవును. తన ఓటు తనకే వేసికొంటినని ఆయన దాచలేదు. అపుడాయనకు డెబ్బదిమూడేండ్లు. ఆ ఒక్క ఓటుతో గద్దె యెక్కినవారు 1963 వఱకు పదునాలుగేండ్లు పాలించిరి.

ఒకచో ఒక్క ఓటు నిలిపెను; ఒకచో ఒక్క ఓటు కూల్చెను. అదృష్టమని ఊరకుండరాదు. జర్మనులు తమ రాజ్యాంగమున ఒక నియమము వ్రాసికొనిరి. ఉన్న ప్రధానిని తొలగింపగోరు వారు, అతని స్థానమున ఎవరిని కూర్చుండబెట్టుదురో అదే తీర్మానముతో ఎన్నుకొనవలెను. కూల్చుటకు మాత్రము కూడి, కట్టుటకు కూడని పక్షములవలన వారి దేశము పూర్వము చాల నష్టపడెను. హిట్లరు అట్టి సందునుండియే లోనికి జొఱబడెను. అందుచేత ఈ జాగ్రత్త. కర్నూలులో 69 మంది కూడిరి. కాని వారందఱును మెచ్చు ముఖ్యమంత్రి యొకడు వారిలో లేడు. మన రాజ్యాంగమున అట్టి నియమము లేదు గనుక ఆ ప్రశ్న వారిని ఎవరు నడుగలేదు.

పంతులుగారు ఆ ఓటును గౌరవించిరి. ఒక్కటే గదాయని వాదింపలేదు. మఱియొక సభ్యుని లాగుకొని మఱల లెక్క పెట్టుమనలేదు. మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. నవంబరు 15న రాష్ట్రము రాష్ట్రపతి పాలన క్రిందికి వచ్చెను. జీవితమంతయు ఎవరి మాటయు విననివాడని పేరుపడిన మనిషి ఒక్క చేతిలెక్కకు తలవంచి గద్దె దిగుట చిన్న సంగతి కాదు.

1955లో మధ్యకాలపు ఎన్నికలు జరిగెను. చీలికల ఫలితము చవిచూచిన కాంగ్రెసువారు, ప్రజాపక్షమును, కృషికార్ లోక్ పక్షమును కలుపుకొని ఒక్క కూటమిగ పోటీచేసిరి. 196 స్థానములలో కూటమికి 146 వచ్చెను. గెలుపు తమదేయని నమ్మిన కమ్యూనిస్టులకు ఓట్లలో మూడవ వంతునకు దగ్గఱగా వచ్చినను స్థానములు 15 మాత్రమే దక్కెను. ఓట్లు చీలినపుడు ఒక లెక్క, కూడినపుడు ఇంకొక లెక్క. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. పంతులుగారు క్రియాశీల రాజకీయములనుండి చాలవఱకు తొలగిరి. 1956 నవంబరు 1న తెలంగాణముతో కూడి ఆంధ్రప్రదేశ్ ఏర్పడుట కన్నులార చూచిరి.

తొలగినను ఇంట కూర్చుండు అలవాటు ఆయనకు లేదు. 1957 వేసవిలో, ఎనుబదినాలుగేండ్ల వయస్సున, ఒంగోలు ప్రాంతపు హరిజనవాడలు చూడబోయి మండుటెండలో తిరిగిరి. వడదెబ్బ తగిలెను. హైదరాబాదునకు తీసికొనిపోయి చికిత్స చేసిరి గాని ఫలింపలేదు. మే 20వ తేదీన కన్నుమూసిరి. ఒకప్పుడు లక్షలార్జించిన బారిస్టరు చివరకు ఆస్తియని చెప్పదగినదేదియు మిగుల్చుకొనలేదు. ఆయన పుట్టిన ప్రాంతమున 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లాయని పేరు పెట్టిరి.

బెజవాడ యొద్ద ఆనకట్ట పని ఆయన దిగిపోయిన పిదపను ఆగక సాగెను. 1957 డిసెంబరులో అది పూర్తియై, దానికి ప్రకాశము బారేజియను పేరు నిలిచెను. అప్పటికి పంతులుగారు గతించి ఏడు నెలలైనది. ఏలూరు కాలువకును, కైకలూరు చేలకును నేటికిని నీరు ఆ తలుపులనుండియే వచ్చుచున్నది.